గొంతు తిరగేసిన మావు

1957 మార్చిలో, ఏలూరులో, ఒక కొరమేను బి.ఏ. ప్యాసయింది. మూడో తరగతిలో. నేను కళ్ళారా చూశాను.

ఈ మాట అన్నప్పుడల్లా మా మనవరాలు సరళ "మళ్ళీ మొదలెట్టావా తాతయ్యా" అంటుంది. అందుకని కొంచెం తగ్గిస్తాను. ప్యాసయింది చేప కాదు, ముత్యాలరావు అనే మనిషి. చేప పరీక్షగదిలో ఉంది, అంతే. అది కొరమేనే అని కూడా ప్రమాణం చెయ్యలేను. మాది తాడేపల్లిగూడెంలో బెల్లం వ్యాపారం చేసుకునే ఇల్లు, చేపల సంగతి నాకు తెలిసింది తక్కువ. ప్రాణంతో ఉందని, పరీక్షాధికారి వేలు కొరికిందని మాత్రం చెప్పగలను. సరే, కొరికిందని అనను. తాకింది.

మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఆ రోజుల్లో ఏలూరులో చిత్రకళకు ఒక కాలేజీ ఉండేది. కాలవ పక్కన పాత ధాన్యం గోదాములో నడిచేది. గాలి వీస్తే పైకప్పు సందుల్లోంచి ఎప్పటిదో ఊక బొమ్మల మీద రాలేది. ఆరేళ్ళు నడిచి మూతపడింది కాబట్టి ఇప్పుడు వెతికినా దొరకదు. నేను అందులో గుమాస్తాని. కాన్వెంటులో ఫాదర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి, ఇంగ్లీషు వచ్చు అని నన్ను టైపు మిషను ముందు కూర్చోబెట్టారు.

అక్కడ ఆఖరి సంవత్సరం విద్యార్థి రెండు పనులు చెయ్యాలి. తన ప్రాంతపు వస్తువు ఒకటి తన చేతులతో తయారుచెయ్యాలి. దాని మీద నలభై పేజీల థీసిస్ ఇంగ్లీషులో రాయాలి. "చేతిపని సగం, సిద్ధాంతం సగం. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి" అనేవారు ఈశ్వరరావుగారు. సిద్ధాంతం చెప్పేది ఆయనే. పరీక్షకు వెళ్ళే ప్రతి థీసిస్ మీదా ముందు ఆయన సంతకం పడాలి.

ముత్యాలరావుది జమ్ములంక. కొల్లేరు మధ్యలో ఇరవై గుడిసెల దిబ్బ. వానాకాలం పక్కింటికి వెళ్ళాలన్నా దోనె ఎక్కాల్సిందే. తండ్రి లేడు. తల్లి పైడమ్మ తాటిదోనె నడిపి, నడుం లోతు నీళ్ళలో దిగి, మావులు పెట్టి చేపలు పట్టి ఇతన్ని చదివించింది. మావు అంటే సన్నటి వెదురు పుల్లలతో అల్లే పొడుగాటి బుట్ట. దానికి అసలు కిటుకంతా గొంతులో ఉంటుంది. బుట్ట మూతి దగ్గర పుల్లల మొనలు లోపలివైపుకి, సన్నంగా గరాటులాగా కూడి ఉంటాయి. చేప లోపలికి దూరుతుంది. తిరిగి రాబోతే మొనలు అడ్డం పడతాయి. అంతే, ఇంక రాలేదు.

ముత్యాలరావు తన వస్తువుగా ఆ మావునే ఎంచుకున్నాడు. అది ఎలా అల్లాలో పన్నెండు పేజీల్లో రాసి తెచ్చాడు. నేను దాన్ని ఇంగ్లీషు చేసి టైపు కొట్టాను. ఈశ్వరరావుగారు మొదటి పేజీ మీదే ఎర్రసిరాతో "సిద్ధాంతం ఏది?" అని రాసి తిప్పి పంపారు.

అప్పుడది 1955 జూలై. తరువాత ఏడాదిన్నర పాటు ఆ ఎర్రసిరా ఆరలేదు.

రెండోసారి కొల్లేరు గాలి గురించి రాశాడు. సిద్ధాంతం ఏది? మూడోసారి నేనే పుణ్యం కట్టుకుందామని, లోకంలో లేని ఒక బెల్జియం పండితుణ్ణి పుట్టించి, ఆయన వెదురు గురించి అన్న మాటలు నాలుగు చేర్చాను. ఈశ్వరరావుగారు ఆ పేజీ పక్కన "బాగుంది" అని రాసి, కింద మళ్ళీ సిద్ధాంతం ఏది అన్నారు. నాలుగు, ఐదు, ఆరు. ప్రతిసారీ అయిదు కాపీలు, మధ్యలో నాలుగు కార్బన్లు. నా వేళ్ళకు పట్టిన ఊదారంగు అన్నం ముద్దకు కూడా అంటుకునేది.

ముత్యాలరావు శనివారం లంకకు వెళ్ళి సోమవారం వచ్చేవాడు. వచ్చి నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి, యాభై ఏళ్ళవాడిలాగా కూర్చునేవాడు.

"రామ్మూర్తిగారూ, బుట్టా, కాయితం ఎలా మాట్లాడుకుంటాయండీ?" అని ఒకసారి అడిగాడు.

"నాకు మాత్రం ఏం తెలుసు? ఇంగ్లీషులో మాట్లాడుకుంటాయి కాబోలు."

నవ్వలేదు. నవ్వే ఓపిక కూడా అయిపోయింది అతనికి.

మానేసి పోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. తాడేపల్లిగూడెం హైస్కూల్లో డ్రాయింగు మాస్టారి పని ఖాళీగా ఉంది. డిగ్రీ చూపిస్తే జూన్‌లో చేర్చుకుంటామని హెడ్మాస్టరుగారు ఉత్తరం రాశారు. జూన్ దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అదీగాక కాలేజీ వాళ్ళు ఒకే థీసిస్‌కి మూడో ఏడాది ఇవ్వరు. ఈ మార్చిలో అయితే అయినట్టు, లేకపోతే లేదు. అన్నిటికీ మించి పైడమ్మ ఉంది. ఆమె పాదాలు నేను ఒకసారి చూశాను. వేళ్ళ సందులు తెల్లగా నాని, మడమలు ఉడికించిన చిలగడదుంపల్లాగా మెత్తబడి ఉన్నాయి. యాభై నాలుగేళ్ళు వాటికి ఆరే తీరిక లేదు.

"ఈ ఏడుతో నేను నీళ్ళల్లోంచి గట్టెక్కేస్తానండి. మా వాడి పుస్తకం అయిపోగానే" అని నాతో అంది. ఆ మాట అంతకుముందు ఏడు కూడా అంది.

సిద్ధాంతం దొరికింది చివరికి. ఆలోచిస్తే దొరకలేదు, అలిసిపోతే దొరికింది. 1957 జనవరిలో ఒక మధ్యాహ్నం ఈశ్వరరావుగారు ఇతన్ని నిలబెట్టి, "వస్తువు ఎప్పుడయ్యా కళ అవుతుంది? దాని ప్రయోజనం ఎక్కడ ముగుస్తుంది? చెప్పు" అని నాలుగోసారో అయిదోసారో అడిగారు.

ముత్యాలరావు గోడకు ఆనుకుని, "గొంతు తిరగేస్తే ముగుస్తుందండీ. ఇంక ఎందుకూ పనికిరాదు" అన్నాడు. విసుగుతో అన్న మాట అది.

ఈశ్వరరావుగారు కుర్చీలోంచి లేచారు. "ఏమన్నావ్? మళ్ళీ చెప్పు!"

"గొంతు తిరగేస్తేనండీ. మొనలు బయటివైపుకి పెడితే, చేప ఇలా వచ్చి అలా పోతుంది. ఆగదు."

"అదే! దేన్నీ పట్టుకోని మావు! అదేనయ్యా సిద్ధాంతం! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?"

దాచలేదు పాపం. అలాంటి మావు అల్లడం అనేది అతని ఊహలోనే ఎప్పుడూ లేదు.

ఏడోసారి నేను రెచ్చిపోయి రాశాను. ఫాదర్లు నేర్పిన ఇంగ్లీషంతా అందులో పోశాను. ముప్పై ఒకటో పేజీలో, "ఈ మావులోకి మన చెయ్యి, ఒక ఆలోచనలాగా, స్వేచ్ఛగా ప్రవేశించి స్వేచ్ఛగా నిష్క్రమిస్తుంది" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. అది నాకు చాలా ఇష్టమైన వాక్యం. ఆ వాక్యం వల్లే తరువాతి రభస అంతా వచ్చింది. ఈశ్వరరావుగారు సంతకం పెట్టేశారు.

థీసిస్ సంగతి ఇక్కడితో తేలింది. మావు అల్లడం మిగిలింది. మామూలు మావు అతను ఒకటిన్నర రోజులో అల్లేస్తాడు. దీనికి మూడు వారాలు పట్టింది. నేను ఆ మాట అడిగితే చేతులు చూపించాడు.

"ఇవి వినట్లేదండీ. నేను అటు చూసి ఇటు చూసేసరికి గొంతు సరిగ్గా పెట్టేస్తున్నాయి. రెండుసార్లు విప్పాను. మూడోసారి ప్రతి పుల్లకీ నోటితో చెప్పుకుంటూ పెట్టాను, తప్పు, తప్పు, తప్పు అని."

మొత్తానికి తిరగేసిన గొంతుతో మావు తయారైంది. జమ్ములంకలో తన గుడిసె చూరుకి వేలాడదీసి ఏలూరు వచ్చాడు. పరీక్ష మార్చి ఇరవయ్యో తారీకు. ఆ ముందు వారమంతా కాపీలు సరిచూసుకోవడంతో గడిచింది. మావుని తల్లి తనే తెస్తానంది.

ఇరవయ్యో తారీకు పొద్దున పైడమ్మ దోనె మీద కొంతదూరం, బస్సులో కొంతదూరం వచ్చి, కాలేజీ వరండాలో దిగింది. నెత్తిన తడి గోనెసంచిలో చుట్టిన మావు.

"తడెందుకే అమ్మా?" అన్నాడు ముత్యాలరావు.

"ఎండకి పుల్లలు పెళుసెక్కిపోవూ? నువ్వు పో లోపలికి. ముఖం కడుక్కో ముందు."

విప్పి చూడలేదు. నేను కూడా చూడమనలేదు. ఏడుసార్లు రాసిన దాన్ని ఇంకోసారి చూడాలని ఎవరికీ అనిపించదు.

పరీక్షాధికారి సూర్యప్రకాశరావుగారు మద్రాసు నుంచి వచ్చారు. పొడుగాటి మనిషి, పట్టు కండువా, మాట తక్కువ. ముందు థీసిస్ అంతా తిరగేశారు. బెల్జియం పండితుడి దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్ళజోడు సవరించుకుని ముందుకి పోయారు. ఆ ఒక్క క్షణంలో నాకు చెమట పట్టింది. తరువాత ముప్పై ఒకటో పేజీ పైకి చదివారు.

"స్వేచ్ఛగా ప్రవేశించి, స్వేచ్ఛగా నిష్క్రమిస్తుంది. బాగుంది. ఏదీ, ఆ వస్తువు విప్పండి."

నేనే గోనె విప్పాను. మావు చాలా అందంగా ఉంది. ఆ మాట అబద్ధం కాదు. సన్నటి పుల్లలు తడికి మెరుస్తున్నాయి. గదంతా కొల్లేటి వాసన వేసింది. ఈశ్వరరావుగారు చేతులు కట్టుకుని, తనే అల్లినట్టు నిలబడ్డారు.

సూర్యప్రకాశరావుగారు కండువా భుజం మీదికి తోసుకుని, కుడిచెయ్యి మావు గొంతులోకి పెట్టారు. మణికట్టు దాకా స్వేచ్ఛగా ప్రవేశించింది.

నిష్క్రమించలేదు.

ఒకసారి లాగారు. మరోసారి లాగారు. మొనలు మణికట్టు చుట్టూ బిగిశాయి. అప్పుడు ఆయన ముఖం మారింది. "ఏవండీ, లోపల ఏదో ఉందండీ" అన్నారు మెల్లిగా. "అది కదులుతోంది."

ముత్యాలరావు వంగి పుల్లల సందుల్లోంచి చూశాడు. గొంతు సరిగ్గా ఉంది. ఎలా ఉండాలో అలా ఉంది. అడుగున జానెడు పొడుగు చేప ఒకటి నోరు తెరిచి మూస్తోంది. అతను కంగారు పడలేదు, ఎవరినీ తిట్టలేదు. నేల మీద కూర్చుండిపోయాడు. వెయ్యి మూటలు మోసి ఇంక ఒక్కటి ఎత్తలేని మనిషి ఎలా కూర్చుంటాడో అలా.

"కత్తెర! కత్తెర తెండి!" అని ఈశ్వరరావుగారు కేకలేశారు.

కేకలకి పైడమ్మ లోపలికి వచ్చింది. పరిస్థితి చూసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"లాగకండి బాబుగారూ. లాగితే బిగుసుకుంటుంది. లోపలికి తొయ్యండి. ఇంకా తొయ్యండి. దానికి మీరంటే భయంగానీ మీకు దానంటే ఎందుకండీ? ఆ, అలా." మూతి దగ్గర తాడు ముడి ఒకటి వేలితో వదులు చేసింది. "ఇప్పుడు తియ్యండి."

చెయ్యి బయటికి వచ్చింది. ఎర్రటి గాజు తొడిగినట్టు మణికట్టు చుట్టూ గీతలు.

"ఏం జరిగిందమ్మా ఇది?" అన్నారు సూర్యప్రకాశరావుగారు.

"మావాడు చదివి చదివి అలిసిపోయాడండి. నిద్ర లేదు, తిండి లేదు. చేతులకి ఇంగితం పోయింది. గొంతు తిరగేసి పెట్టాడండి! నాలుగేళ్ళప్పుడు కూడా అలా పెట్టలేదు. మొన్న చూరు కింద చూసి నా గుండె జారిపోయింది. పెద్దలు చూస్తే ఏమనుకుంటారు? వాడితో చెబితే నొచ్చుకుంటాడని చెప్పకుండా, ఊడదీసి సరిగ్గా పెట్టేశానండి. నీళ్ళల్లో వేసి కూడా చూశాను. మూడు పడ్డాయి! రెండు ఇరుగుపొరుగుకి ఇచ్చి, ఒకటి తమరికి చూపిద్దామని ఉంచాను."

ఆమె ముఖం వెలిగిపోతోంది. కొడుకు పరీక్షని తను గట్టెక్కించానని ఆమెకు ఏమాత్రం అనుమానం లేదు.

ఈశ్వరరావుగారు కుర్చీలో కూలబడి, "ఇంకేముందండీ, అయిపోయింది. వస్తువు ఒకటి, థీసిస్ ఒకటి. రెండింటికీ పొంతన లేదు. పైగా వస్తువు ఇతనిది కాదు" అన్నారు.

పైడమ్మకు ఆయన మాటల అర్థం తెలియలేదు గాని గొంతులో తేడా తెలిసింది. కొడుకు వైపు చూసింది. ఆ వెలుగు పోవడం నేను చూడలేక టైపు మిషను వైపు చూశాను.

సూర్యప్రకాశరావుగారు మణికట్టు రుద్దుకుంటూ, "లేవయ్యా, నువ్వు చెప్పు. ఇందులో నీ పని ఎంత?" అన్నారు.

మొత్తం నాదే అనొచ్చు. అమ్మ పొరపాటు, మళ్ళీ మార్చేస్తాను, ఒక పూట గడువివ్వండి అనొచ్చు. నేనైతే ఆ రెండూ అని మూడోది కూడా కల్పించేవాణ్ణి.

"బుట్ట నాదండీ. గొంతు మా అమ్మ పని" అన్నాడు.

"మరి థీసిస్‌లో చెప్పిన మావు?"

"అది లేదండీ. అది ఉన్నన్నాళ్ళూ తప్పండీ. ఆ తప్పొక్కటే పూర్తిగా నాది."

"ఆ తప్పు చెయ్యడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"అల్లడానికి మూడు వారాలండీ. చేతులు వినలేదు. రెండుసార్లు సరిగ్గానే అల్లేశాయి. ప్రతి పుల్లకీ చెప్పుకోవలసి వచ్చింది."

"అమ్మ తిరిగి సరిచెయ్యడానికి?"

పైడమ్మే చెప్పింది: "ఎంతండీ, అన్నం ఉడికేలోపల అయిపోయింది."

"ఈ చేతుల సంగతి ఇందులో ఏ పేజీలో రాశావు?"

"రాయలేదండీ. అందులో సిద్ధాంతం లేదనుకున్నాను."

సూర్యప్రకాశరావుగారు ఈశ్వరరావుగారి వైపు చూశారు. ఈశ్వరరావుగారు ఊక రాలిన బల్ల వైపు చూశారు.

"నా రైలు సాయంత్రం ఆరింటికి," అన్నారు సూర్యప్రకాశరావుగారు. "అది రాసి తీసుకురా. నీ చేతులు ఎందుకు వినలేదో, మీ అమ్మగారికి ఎలా తెలిసిందో. నాలుగు పేజీలు చాలు."

ఎవరైనా కాళ్ళ మీద పడేవారు. ముత్యాలరావు ఆయన ముఖంలోకి చూసి, "మళ్ళీనా అండీ?" అన్నాడు.

ఎనిమిదోసారి మేం కూర్చున్నాం. అతను తెలుగులో చెప్పాడు, నేను కొట్టాను. పుల్ల వంచేటప్పుడు బొటనవేలికి తెలిసేది ఏమిటో చెప్పాడు. తప్పు అల్లేటప్పుడు భుజం నొప్పెట్టిందని, సరిగ్గా అల్లితే నొప్పి ఉండదని చెప్పాడు. రెండో పేజీలో నా వేళ్ళు ఊరుకోక, బెల్జియం ఆయన్ని పిలవబోయాను.

"రామ్మూర్తిగారూ, ఇందులో మీదేమీ కలపకండి" అన్నాడు కళ్ళు మూసుకునే.

కలపలేదు. జీవితంలో నేను ఏమీ కలపకుండా కొట్టిన కాగితాలు అవి నాలుగే. ఒకచోట మాత్రం అతను ఆగిపోయాడు. గొంతు తిరగబడిందని ఎలా కనిపెట్టావని వరండాలోకి వెళ్ళి తల్లిని అడిగి వచ్చాడు.

"ఏమంది?" అన్నాను.

"చూస్తే తెలుస్తుందిరా అందండీ."

"అంతేనా? అది ఇంగ్లీషులో ఎలా రాయను?"

"అలాగే రాయండి."

నాలుగున్నరకి సూర్యప్రకాశరావుగారు ఆ పేజీలు వరండాలో నిలబడి చదివారు. ఆఖరి పేజీ రెండుసార్లు చదివారు. బల్ల కోసం చూడకుండా గోడకు ఆనించి సంతకం పెట్టారు. మూడో తరగతి. అంతకు మించి ఇస్తే ముందు నలభై పేజీలకూ ఇచ్చినట్టవుతుందన్నారు. పైడమ్మ ఆ చేపని ఆయనకి ఇవ్వబోయింది. ఆయన తినరు. ఈశ్వరరావుగారూ తినరు. నేనూ తినను. దాన్ని మళ్ళీ తడి గోనెలో చుట్టుకుని, తల్లీకొడుకులు బస్సు ఎక్కారు. కొడుకు సీటులో కూర్చోగానే నిద్రపోయాడు. ఆమె ఒక చేత్తో మావుని, రెండో చేత్తో అతని తలని పట్టుకుని కూర్చుంది.

జూన్‌లో అతను తాడేపల్లిగూడెం హైస్కూల్లో చేరాడు. పైడమ్మ కూడా వచ్చేసింది. ఆగస్టులో ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు ఆరాయి. ఆరి, పగిలాయి. "నీళ్ళు లేకపోతే ఇవి మంటెక్కుతున్నాయండి" అని నవ్వి, కొబ్బరినూనె రాసుకుంటోంది. మావు చూరుకి వేలాడుతోంది. గొంతు సరిగ్గానే ఉంది.

ముత్యాలరావు ముప్పై ఒక్క ఏళ్ళు డ్రాయింగు చెప్పి రిటైరయ్యాడు. పైడమ్మ పోయి చాలా కాలమైంది. కిందటి నెల నేను ఈ కాగితాలు పట్టుకెళ్ళి అతనికి మొదటినుంచీ చదివి వినిపించాను. పడక్కుర్చీలో పడుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని విన్నాడు. అయిపోయాక తువ్వాలు తీశాడు.

"అబద్ధం" అన్నాడు.

"ఏది?"

"అంతానండీ. అలాంటి కాలేజీ ఏలూరులో లేదు. మద్రాసు ఆయనెవరో నాకు తెలీదు. చేప లేదు."

"మరి నా దగ్గర నీ థీసిస్ కాపీ ఒకటుంది కదయ్యా? నీ పేరుంది దాని మీద."

"ఆ ఇంగ్లీషు నాది కాదండీ."

"ఆ తప్పొక్కటే నాది అని నువ్వన్న మాట? అదీ నేను కల్పించిందేనా?"

ముత్యాలరావు కుర్చీలో లేచి కూర్చున్నాడు. అతనికి కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు.

"రామ్మూర్తిగారూ, మీరేమైనా రాసుకోండి. మా ఇంట్లో పుట్టినవాడెవడూ మావు గొంతు తిరగేసి పెట్టడు. నేను పెట్టలేదు. మా అమ్మ సరిచెయ్యలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదండీ."